అరువిచ్చిన గొంతు

ఆమెకి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. కూతురికి ఊపిరి అందని రోజున ఆసుపత్రి కౌంటర్ మీద కార్డు పెడితే, ఆ చిన్న మెషీన్ కీచుమని అరిచి చెల్లదు అనడం.

మిగతా భయాలు లేవని కాదు. బల్లి అంటే భయం, లిఫ్టు అంటే భయం, మొగుడు నడిపే లారీకి ఎదురొచ్చే ప్రతి లారీ అంటే భయం. రెండు రోజులు ఫోన్ మోగకపోతే భయం, మోగితే ఇంకా భయం. "నీకు భయపడ్డానికి ఏమీ దొరక్కపోతే అదో భయమే" అని వాళ్ళక్క వెక్కిరించేది. కానీ అవన్నీ వచ్చిపోయే చుట్టాలు. ఈ కార్డు భయం మాత్రం కాళ్ళు చాపుకుని ఇంట్లోనే కూర్చుంది.

కూతురికి నాలుగేళ్ళు. గుండ్రంగా ఉంటుందని అందరూ బుడంకాయ అంటారు. కిందటి చలికాలం ఒక పొద్దున ఆ బుడంకాయ గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యాయి. డొక్కలు ఎగరేసుకుంటూ, మాట రాక, తల్లి మెడ పట్టుకుని వేలాడింది. ఆసుపత్రి కౌంటర్లో మనిషి తలెత్తకుండానే "అడ్వాన్స్ కడితే మంచం ఇస్తారు" అన్నాడు. చేతిలో బస్సు డబ్బులు తప్ప లేవు. మొగుడు రెండు రోజుల ప్రయాణం అవతల ఉన్నాడు. అప్పుడు పర్సు మూల నుంచి అక్క ఇప్పించిన కార్డు తీసింది. అంతవరకూ దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. మెషీన్ కాసేపు ఆలోచించి చీటీ కక్కింది. పిల్ల మూతికి మందు ఆవిరి మాస్కు తగిలించారు. మూడో రోజుకి పిల్ల లేచి కూర్చుని "అమ్మా, ఈ ఏనుగు తొండం మనింటికి తీసుకెళ్దామా?" అంది.

ఆ చీటీ మీద సిరా ఎప్పుడో వెలిసిపోయింది. అయినా ఆమె పారెయ్యలేదు.

కార్డు ఇప్పించింది అక్కే అన్నాను కదా. అక్క అదే కార్డు కంపెనీకి ఫోన్లు చేసే ఆఫీసులో పనిచేసేది. రోజంతా చెవికి యంత్రం తగిలించుకుని, కట్టనివాళ్ళని కట్టమనీ, కట్టేవాళ్ళని ఇంకో కార్డు తీసుకోమనీ అడగడం ఆమె ఉద్యోగం. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఫోన్ ఎత్తగానే చిన్నగా గొంతు సవరించుకుని "చెప్పండి" అనడం అలవాటైపోయింది. సొంత చెల్లెలు ఫోన్ చేసినా అంతే.

చిన్నప్పుడు వాళ్ళమ్మ మంచాన పడ్డ ఏడాది, ఇద్దరిలో ఒకరు బడి మానాల్సి వచ్చింది. "అక్కకి లెక్కలొచ్చు, నాకు నిద్రొస్తుంది" అని చెల్లెలు తొమ్మిదో తరగతి పుస్తకాలు సంచిలో పెట్టి అటక మీదకి విసిరేసింది. నవ్వుతూనే విసిరింది. అప్పట్నుంచీ ఒక ఏర్పాటు ఉండిపోయింది. కరెంటు ఆఫీసు నుంచి వచ్చినా, బడి నుంచి వచ్చినా, కార్డు కంపెనీ నుంచి వచ్చినా, ఉత్తరం అక్కకే వెళ్ళాలి. చెల్లెలికి అక్షరాలు రాక కాదు. ఆ ఉత్తరాల భాష వేరు. పై నుంచి కింద దాకా చదివినా ఎవరు ఎవరిని ఏం చేయమంటున్నారో తేలదు. అక్క ఒక్క చూపు చూసి "ఈ నెల తక్కువలో తక్కువ ఇంత కట్టాలి, ఇంతే" అని తేల్చేసేది. ఆమె అంతే కట్టేది. పది నెలలు కట్టింది. ఒక నెల పిల్లకి పాలు తగ్గించి కట్టింది.

"అక్కా, ఇంకా ఎంతుంది?"

"దాదాపు మొదట్లో ఉన్నంతే."

"మరి నేను కట్టిందంతా?"

"వడ్డీకి పోయిందే పిచ్చిమొద్దూ."

అసలు కంటే వడ్డీ ముద్దు అని మనవల్ని ఎత్తుకుని అమ్మమ్మలు మురిసిపోతారు. కార్డు వాళ్ళు మాత్రం ఆ మాట ఏ మనవడినీ చూసి అనరు.

ఆదివారాలు మధ్యాహ్నం అక్క వచ్చేది. ఆ ఇంట్లో ఒక ఆట ఉండేది. ఆఫీసులో ఏ మాటకి ఏ మాట చెప్పాలో రాసిచ్చిన కాగితాలు అక్క బట్టీ పట్టాలి. ఒక్కతే చదువుకుంటే వంటబట్టదని, చెల్లెల్ని ఎదురుగా కూర్చోబెట్టుకునేది. చెల్లెలు బట్టలు మడతపెడుతూ కస్టమర్ అయ్యేది. ఒకసారి చెవుడున్న ముసలాయన, ఒకసారి కోపిష్టి మాస్టారు. ఇంకోసారి ఏం అడిగినా "రాంగ్ నంబర్" అనే మహాతల్లి. బుడంకాయేమో పై ఆఫీసరు. మధ్యలో వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని "టైమైపోయింది, తొందరగా మాట్లాడాలి!" అని గద్దించి పోయేది. అక్క తన ఫోను ఇద్దరి మధ్యా బోర్లా పెట్టేది. తర్వాత తన గొంతు వినుకుని తప్పులు దిద్దుకోవడానికి.

ఒకసారి చెల్లెలు, ముసలాయన గొంతు పెట్టి, "అదంతా సరేనమ్మా, నువ్వు తిన్నావా?" అంది.

అక్క పడీపడీ నవ్వింది. "కస్టమర్లు అలా అడగరే!"

"ఒక్కరూ అడగరా?"

"ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు." ఆ మాట అన్నాక ఆమె నవ్వు కాస్త ముందే ఆగిపోయింది. చెల్లెలు గమనించి, ఓ దుప్పటి కొస ఆమె చేతికిచ్చి "పట్టుకో, మడతపెడదాం" అంది.

చెల్లెలి ఉద్యోగం వీధి మలుపులో లాండ్రీలో. అక్కడ ఆమె పని జేబులు తడమడం. బట్టలు మెషీన్లో పడేలోపు ప్రతి కోటూ, ప్రతి ప్యాంటూ లోపలి జేబులతో సహా తడమాలి. దొరికినదానికి ఆ బట్ట నంబరు చీటీ చుట్టి రేకు డబ్బాలో వెయ్యాలి. పెన్నులు, తాళాలు, మడతపెట్టిన ప్రేమలేఖలు. ఒకసారి ఓ పెద్దమనిషి కోటులో పళ్ళ సెట్టు దొరికింది. ఆయన వారం తర్వాత వచ్చి, నోరు విప్పకుండా చెయ్యి చాపాడు. ఆమెది చురుకైన చెయ్యి. చిల్లు జేబులోంచి అస్తర్లోకి జారిపోయిన ఉంగరాన్ని కూడా పట్టేది. ఊళ్ళో వాళ్ళందరి జేబులూ తడిమిన మనిషి, అక్క జేబు మాత్రం ఎప్పుడూ తడమలేదు. ఎందుకు తడుముతుంది?

ఆ లాండ్రీలోనే మొదటిసారి ఆ సంగతి విన్నది. షాపు పెద్దమ్మ కౌంటర్ మీద రేడియో పెట్టుకుంటుంది. ఇస్త్రీ తాత ఆవిరి పెట్టె ఎత్తి పట్టుకుని "కార్డుల వడ్డీకి ముక్కుతాడు వేస్తారట!" అన్నాడు.

"ఎవరు?" అంది పెద్దమ్మ.

"చట్టసభ వాళ్ళు. ఇప్పుడు ఏడాదికి నూటికి నలభై దాకా గుంజుతున్నారు కదా. ఇకమీదట పదిహేను దాటకూడదట."

"వేశాక చెప్పు. ముక్కుతాడు వేసేవాడూ ఎద్దు గలవాడూ వియ్యంకులైతే?"

"నీకు అన్నీ అనుమానాలే."

"అనుమానం కాదు తాతా. లాభం తగ్గితే వాళ్ళు ఎవరికి కార్డు ఆపేస్తారు? కోట్లు ఉతికించుకునేవాళ్ళకా, కోట్లు ఉతికేవాళ్ళకా? మనం మళ్ళీ సందు చివర వడ్డీ వ్యాపారి గడప ఎక్కాల్సిందే."

"వాడు కనీసం మొహం చూసి తిడతాడు" అన్నాడు తాత.

ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. చేతిలో ఎవరిదో కోటు, వేళ్ళు జేబులోనే ఆగిపోయాయి. హద్దు పెడితే ఈ నెలనెలా కోత తగ్గుతుంది. హద్దు పెడితే కార్డే పోవచ్చు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో పిల్లికూతల పిల్ల.

ఆ ఆదివారం అక్క కొత్త కాగితం తెచ్చింది. కూర్చుంటూనే ఫోను బోర్లా పెట్టింది.

"ఇవాళ నువ్వు భయపడే కస్టమర్వి. వడ్డీకి హద్దు పెడితే కార్డు పోతుందేమోనని నీ భయం. అది నాతో చెప్పుకుంటున్నావు. కాగితం చూడక్కర్లేదు, నీకు తోచింది చెప్పు."

"ఇంతేనా? ఇందులో నటించేదేముంది?" అంది చెల్లెలు. నిజంగానే ఏమీ లేదు. చిన్న చొక్కా ఒకటి మడతపెడుతూ మొదలుపెట్టింది. "అమ్మా, మా పాపకి ఊపిరి అందని జబ్బుంది. ఆ రోజు ఈ కార్డే లేకపోతే నా బిడ్డ నాకు దక్కేది కాదు. నాకు ఎవరూ చేబదులు ఇవ్వలేదు, ఈ కార్డు ఇచ్చింది. దీన్ని మాత్రం నా దగ్గర్నుంచి తీసెయ్యకండి, మీకు దణ్ణం పెడతా." గొంతు దానంతటదే వణికింది. సరిగ్గా అప్పుడే బుడంకాయ మంచం కింద నుంచి ఖళ్ళు ఖళ్ళుమని దగ్గి, "అమ్మా, నా బొమ్మ చెయ్యి ఊడిపోయింది!" అని అరిచింది.

చెల్లెలు ఆగలేదు. అసలు మాట ఇంకా మిగిలే ఉంది. "కానీ ఒకటి చెప్పండమ్మా. పది నెలల్నుంచీ కడుతున్నా. అప్పు అంగుళం కదల్లేదు. నా బిడ్డని ఒక్కసారి బతికించినందుకు ఎన్నిసార్లు కట్టాలి? హద్దు పెట్టండి, కార్డూ ఉంచండి. రెండూ ఒకేసారి ఎందుకు కుదరవో నాకు తెలిసేలా చెప్పండి."

అక్క కాగితంలో జవాబు వెతుక్కుంది. దొరకలేదేమో, ఫోను తీసి సంచిలో వేసుకుంది. "భలే చేశావే" అంది. మొహం చూడకుండా అంది.

మూడు వారాల తర్వాత అక్క బుడంకాయకి లైట్ల బూట్లు తెచ్చింది. అడుగేస్తే మడమ దగ్గర ఎర్రగా మెరుస్తాయి. "ఆఫీసులో బోనస్ ఇచ్చారు" అంది. పిల్ల ఆ రోజంతా దీపాల బండిలా ఇల్లంతా తిరిగింది. చెల్లెలి కళ్ళు చెమర్చాయి. "నీకోసం ఏమైనా కొనుక్కోవచ్చుగా అక్కా" అంది. అక్క గొంతు సవరించుకుని, బూట్ల ఖాళీ అట్టపెట్టె మడతపెట్టింది.

ఇంకో వారం గడిచింది. లాండ్రీలో మిట్టమధ్యాహ్నం. రేడియోలో వడ్డీల మీద చర్చ నడుస్తోంది. ఒకాయన హద్దు కావాలంటాడు, ఇంకొకాయన హద్దు పెడితే పేదవాడి నోటికాడి అప్పు పోతుందంటాడు. రెండో ఆయన కార్డు కంపెనీల తరఫు మనిషి. "మా మాట ఎందుకు? చట్టసభ వాళ్ళకి మేం వినిపించిన ఒక తల్లి గొంతు మీరూ వినండి. పేరు చెప్పుకోవడానికి ఇష్టపడలేదు" అన్నాడు.

"అమ్మా, మా పాపకి ఊపిరి అందని జబ్బుంది…"

ఎవరో పాపం, అనుకుంది ఆమె. మన గొంతు మనకి బయట నుంచి వినిపిస్తే పరాయి గొంతులాగే ఉంటుంది. తనలాంటిదే ఇంకో తల్లి ఉందని గుండె కరిగింది కూడా. అంతలో రేడియోలో ఒక పిల్ల ఖళ్ళు ఖళ్ళుమని దగ్గింది. "అమ్మా, నా బొమ్మ…"

ఆ దగ్గు ఆమెకి తెలుసు. వెయ్యిమంది పిల్లల్ని ఒక గదిలో కూర్చోబెట్టి దగ్గించినా ఆ దగ్గుని ఏరి పట్టుకోగలదు.

"…మీకు దణ్ణం పెడతా" తర్వాత, ఆ దగ్గుతోనే గొంతు ఆగిపోయింది. 'కానీ' రాలేదు. ఆమె రేడియో వైపు చూస్తూ నిలబడింది, ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని. దాని బదులు కంపెనీ మనిషి నిట్టూర్పు వచ్చింది.

ఇస్త్రీ తాత పెట్టె టపీమని దించాడు. "అమ్ముడుపోయిన మనిషి! ఎంతిచ్చారో ఏమో. పిల్ల జబ్బుని అడ్డం పెట్టుకుని మనందరి నోట్లో మట్టి కొట్టింది."

"అలా అనకు. ఏ అవసరంలో ఉందో" అంది పెద్దమ్మ.

"అవసరం ఉంటే కడుపున పుట్టినదాని దగ్గు అమ్ముకుంటారా?"

ఆమె తర్వాతి కోటు అందుకుంది. ఆ మధ్యాహ్నం మూడు కోట్లు జేబులు తడమకుండానే మెషీన్లోకి వెళ్ళిపోయాయి. ఒక పెన్ను పగిలి, తెల్ల చొక్కాలన్నీ నీలమయ్యాయి. ఆరేళ్ళలో అదే మొదటిసారి. పెద్దమ్మ తిట్టడానికి నోరు తెరిచి, ఆమె మొహం చూసి మూసేసింది.

మర్నాడు భోజనం వేళకి ఆమె అక్క ఆఫీసు గేటు ఎదురుగా టీ బండి దగ్గర నిలబడింది. మెడలో బ్యాడ్జీ వేలాడేసుకుని అక్క బయటికొచ్చింది.

"ఏమే, ఇలా వచ్చావు? బుడంకాయ బాగానే ఉందా?"

"బాగుంది. రేడియోలో దగ్గింది."

అక్క బండివాడు అందించిన గ్లాసు తాగకుండానే పక్కన పెట్టింది. గొంతు సవరించుకుంది. "విన్నావా."

"ఊరందరితో పాటూ విన్నా."

"పేరు చెప్పలేదుగా. నువ్వని ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసింది. సరిపోదా?"

"గట్టిగా మాట్లాడకు. మా వాళ్ళున్నారు." అక్క ఆమె మోచెయ్యి పట్టుకుని బండి వెనక్కి లాక్కెళ్ళింది. "ఒక్కొక్కరూ ఐదు గొంతులు తేవాలన్నారే. హద్దు వద్దని చెప్పే కస్టమర్లు ఐదుగురు. తేలేకపోతే నెలాఖరుకి బ్యాడ్జీ ఇచ్చెయ్యమన్నారు. నూట ఎనభై మందికి చేశాను. తిట్టినవాళ్ళు తిట్టారు. ఒకాయన ఏడ్చాడు. ఒకామె 'ఆ హద్దు ఎప్పుడొస్తుందమ్మా' అని నన్నే అడిగింది. కిందా మీదా పడితే నలుగురు దొరికారు. ఐదోది…"

"ఐదోది ఇంట్లోనే ఉందిగా. బట్టలు మడతపెట్టుకుంటూ."

"నువ్వన్న మాటలేగా! అందులో నేను కల్పించింది ఒక్క ముక్కైనా ఉందా?"

"లేదు. అన్నీ నావే. సగం. మిగతా సగం ఎవరు కోశారు?"

అక్క టీ బండి చక్రం వైపు చూసింది.

"మీ ఆఫీసువాళ్ళా?"

"నేనే."

"ఎలా కోశావు?"

"ఏముందే అందులో. ఫోన్లోనే. వేలితో లాగితే తెగిపోతుంది."

చెల్లెలు ఆ మాట రెండుసార్లు తనలో తాను అనుకుంది. వేలితో లాగితే తెగిపోతుందట.

"చూడు" అక్క గొంతు మెత్తబడింది, ఫోన్లో మొండి కస్టమర్ దగ్గర మెత్తబడినట్టే. "ఇది నీకోసం కూడానే. హద్దు వస్తే ముందు పోయేది నీ కార్డే. ఇప్పుడు నీ కార్డు నీ దగ్గర ఉంటుంది. నీ భయం నాకు తెలియదా?"

"కార్డు పోతుందన్నది నిజమేనా?"

"మాకిచ్చిన కాగితంలో అలాగే ఉంది."

"కాగితాన్ని అడగట్లేదక్కా. నీకు తెలుసా అని అడుగుతున్నా."

అక్క బ్యాడ్జీ తాడు వేలికి చుట్టుకుంది. లోపల బెల్ మోగింది. అందరూ గ్లాసులు పెట్టేసి పరుగెత్తారు.

"అడిగి ఉంటే ఇచ్చేదాన్ని" అంది చెల్లెలు. "సగం కోయకుండా ఉంటే బిడ్డ దగ్గు కూడా ఇచ్చేదాన్ని. తొమ్మిదో తరగతి నువ్వు అడిగితేనే ఇచ్చానా?"

"అది ఇప్పుడెందుకే…"

"ఎప్పుడూ ఎత్తలేదు కాబట్టి ఇప్పుడు."

కంచే చేను మేస్తే చేను ఎవరికి చెప్పుకుంటుంది? ఇంటికొచ్చి లైట్ల బూట్లు అటక మీదకి విసిరింది, సరిగ్గా ఒకప్పుడు పుస్తకాలు విసిరినట్టే. బుడంకాయ నేల మీద పొర్లి ఏడ్చింది. ఏడుపు దగ్గులోకి దిగేసరికి భయమేసి, స్టూలెక్కి తీసి మళ్ళీ తొడిగింది. పిల్ల ముక్కు ఎగబీలుస్తూ, మెరుపులు మెరిపిస్తూ వెళ్ళిపోయింది. మొగుడు ఫోన్లో అంతా విని "మీ అక్కాచెల్లెళ్ళ మధ్య నన్ను లాగకు, రేపు కలిసిపోతారు, చెడ్డవాణ్ణి నేనవుతా" అన్నాడు. ఆదివారాలు అక్క రావడం మానేసింది. ఆమె పిలవలేదు. అక్క ఫోన్ చేసినా ఎత్తలేదు. కొన్నాళ్ళకి చేయడం కూడా ఆగిపోయింది.

వడ్డీ హద్దు సంగతి మరింత లోతుగా పరిశీలించాలని చట్టసభ వాయిదా వేసింది. "లోతుగా పరిశీలించడమంటే పాతిపెట్టడమే" అన్నాడు ఇస్త్రీ తాత.

ఈలోగా కార్డు కంపెనీ నుంచి రెండు ఉత్తరాలొచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే ఇంట్లో కాగితాల డబ్బాలో పడ్డాయి. చదివే మనిషితో మాటల్లేవు. ఇంకొకరికి ఇచ్చి చదివించుకుందామంటే, ఇంటి గుట్టు వీధిలో ఆరేసినట్టు ఉంటుంది. ఎలాగూ కనీసం కట్టాల్సింది ఎంతో ఫోన్లో చిన్న మెసేజ్ వస్తోంది. అది కడుతోంది. కార్డు పర్సులోనే ఉంది. ఉంటుందని అక్క అంది కదా. అక్క మీద నమ్మకమంతా పోయినా, ఆ ఒక్క ముక్క మీద నమ్మకం ఎందుకో మిగిలిపోయింది.

చలి మళ్ళీ మొదలైంది. ఒక రోజు ఉదయం పదింటికి లాండ్రీలో బట్టల మూటల మీద ఆడుకుంటున్న బుడంకాయ ఆట ఆపి, నిలబడి, తల్లి వైపు చూసింది. డొక్కలు ఎగురుతున్నాయి. పెద్దమ్మ షట్టర్ సగం దించి, పిల్లని భుజాన వేసుకుని ముందు పరుగెత్తింది. ఆమె వెనక. దారి పొడవునా పెద్దమ్మ నడుం దగ్గర చిన్న కాళ్ళు వేలాడుతున్నాయి. కదిలినప్పుడల్లా ఎర్రగా మెరుస్తున్నాయి.

అదే కౌంటర్. అదే మాట. ఆమె కార్డు పెట్టింది.

మెషీన్ కీచుమంది.

"మళ్ళీ పెట్టండి" అన్నాడు కౌంటర్ మనిషి. కార్డుని కొంగుకి తుడిచి పెట్టింది. కీచుమంది. ఇటు తిప్పి పెట్టింది. కీచుమంది.

"చెల్లట్లేదమ్మా. పక్కకి జరుగుతారా, వెనక మనుషులున్నారు."

ఏడాదంతా కలలో కూడా వెంటాడిన మాట అది. వస్తే అక్కడికక్కడే ప్రాణం పోతుందనుకుంది. పోలేదు. కార్డు చేత్తో పట్టుకుని, దారికి అడ్డంగా అలా నిలబడిపోయింది. పెద్దమ్మ వెనక నుంచి తోసుకొచ్చి, పిల్లని ఆమె చేతుల్లో పెట్టి, నడుముకి కట్టుకున్న సంచిలోంచి ఆ వారం వసూళ్ళన్నీ తీసి కౌంటర్ మీద పోసింది. సబ్బు వాసన కొట్టే నోట్లు, నాణేలు. "లెక్కపెట్టుకో నాయనా, తొందరగా" అంది. ఆమె వైపు తిరిగి, "నెలనెలా జీతంలో కోసుకుంటాలే. వడ్డీ లేదు. నిలబడ్డావేం, మంచం వైపు నడు!" అని కసిరింది.

బుడంకాయ బతికింది. ఏనుగు తొండం పెట్టుకుని, మధ్యాహ్నానికి నిద్రపోయింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి పిల్ల బట్టలు తెచ్చేటప్పుడు డబ్బాలోంచి ఆ రెండు ఉత్తరాలూ కూడా తెచ్చుకుంది. మంచం పక్కన కూర్చుని, వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుని తనే చదివింది. రెండింట్లోనూ ఒకటే మాట, రెండోది గుర్తుచేయడానికి. 'మీ ఖాతాను సమీక్షించిన మీదట, మీ అప్పు పరిమితిని ప్రస్తుత బకాయికి సమానంగా తగ్గించడమైనది.' మూడోసారికి అర్థమైంది. ఉన్న అప్పు కడుతూనే ఉండాలి. కొత్తగా ఒక్క పైసా పుట్టదు. మొదటిదాని పైన తేదీ చూసింది. రేడియోలో తన గొంతు దణ్ణం పెట్టిన వారం అది. ఆ గొంతుని ఊరికి వినిపించిన చేత్తోనే కార్డు కోసేశారు. హద్దు రాలేదు. కార్డూ ఉండలేదు. రెండూ ఎందుకు కుదరవని ఆమె అడిగింది కదా, రెండూ లేకుండా చేయడం మాత్రం వాళ్ళకి చక్కగా కుదిరింది.

పిల్ల ఇంటికొచ్చిన మూడో రోజు ఆ ఉత్తరం పట్టుకుని అక్క గదికి బయల్దేరింది. ఏమనాలో దారంతా కూర్చుకుంది. 'నాకోసమే అన్నావుగా, ఇదిగో నాకోసం' అని మొహాన కొట్టాలి. ఏడవకూడదు.

గదికి తాళం ఉంది. కింద వాటాలో ఇంటావిడ బయటికొచ్చింది.

"మీ అక్కా? ఖాళీ చేసి మూడు వారాలు దాటింది. నీకు తెలియదా?"

"ఎక్కడికెళ్ళింది?"

"ఆ ఉద్యోగం పోయిందట. ఫోన్లు చేయించుకోవడం అయిపోయాక సగం మందిని తీసేశారట. ఇంకెక్కడో ఫోన్ల ఆఫీసులో చేరానంది. ఏ ఊరో చెప్పలేదు. చెబితే వీళ్ళు వెతుక్కుంటూ వస్తారని భయం."

"ఎవరు?"

ఇంటావిడ లోపలికెళ్ళి రబ్బరు బ్యాండు వేసిన కవర్ల కట్ట తెచ్చి చేతిలో పెట్టింది. మూడు రకాల కార్డు కంపెనీలు. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి, అన్నిటి అంచునా ఎర్ర గీత. ఆ ఎర్ర గీత సంగతి ఆమెకి అక్కే చెప్పింది. "కవరు మీద ఎర్ర గీత వస్తే గడువు దాటిపోయినట్టు. నీకు ఎప్పుడూ రానివ్వకు" అని.

చెల్లెలి ఉత్తరాలన్నీ చదివిన మనిషి, తన ఉత్తరం ఒక్కటి కూడా చూపించలేదు. అన్నిటికన్నా అదే ఎక్కువ నొప్పి పెట్టింది. గొంతు అమ్మిందంటే అవసరమని సరిపెట్టుకోవచ్చు. ఆ అవసరం ఏమిటో తనతో చెప్పుకోలేదే! తొమ్మిదో తరగతి ఇచ్చినదానితో ఎర్ర గీత గురించి చెప్పుకోవడానికి ఏం అడ్డొచ్చింది?

కట్ట ఇంటికి తెచ్చుకుంది. తెరవలేదు. ఒకరి మాట అడగకుండా తీసుకుంటే ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. డబ్బాలో తన ఉత్తరాల మీద ఆ కట్ట పెట్టి మూత వేసింది. ఆదివారం మధ్యాహ్నం అక్క నంబరుకి చేసి చూసింది. ఆ నంబరు ఇప్పుడు ఎవరికీ లేదట. మరుసటి ఆదివారమూ చేసింది, లేదని తెలిసీ. బుడంకాయ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని "టైమైపోయింది" అంది.

క్షమించిందా అంటే, లేదు. ఇప్పటికీ రేడియోలో ఎవరైనా తల్లి గొంతు వినిపిస్తే లేచి ఆపేస్తుంది. అక్క ఎదురుపడితే ఆ ఉత్తరం మొహాన కొట్టే తీరుతుంది, అది ఇంకా పర్సులోనే పెట్టుకుని తిరుగుతోంది.

కాబట్టి మీకో మాట. మీలో ఎవరికైనా కార్డు గురించో, కట్టని బాకీ గురించో ఫోన్ రావచ్చు. అవతల ఆడగొంతు కాస్త బొంగురుగా ఉండి, మాట్లాడే ముందు చిన్నగా సవరించుకుంటే, అది ఆ అక్కే కావచ్చు. తిట్టాలనిపిస్తే తిట్టండి, అది మీ ఇష్టం. పెట్టేసే ముందు మాత్రం "తిన్నావా?" అని ఒక్కసారి అడిగి చూడండి. జవాబు ఏం చెబుతుందో, అసలు చెబుతుందో లేదో, కాస్త ఆగి వినండి.

చెల్లెలు అడగమందని మాత్రం చెప్పకండి.